నాయన క్వాలిస్ రేడియోకి ఆక్స్ పెట్టిన అనుభవం

"ఏమైనా చేసుకో, రేడియో మాత్రం తీయబాకు." మా నాయన పెట్టిన షరతు ఇదొక్కటే.

మాది కావలి. ఇంట్లో 2003 మోడలు క్వాలిస్ ఉంది. టయోటా వాళ్లు ఆ బండిని మన దేశంలో 2000లో తెచ్చారు, 2005లో ఇన్నోవా రాగానే ఆపేశారు. నాయన దాన్ని కొన్నది రొయ్యల గుంటల కోసం. తెల్లారకముందే తుమ్మలపెంట వైపు గుంటల దగ్గరికి బయల్దేరేవాడు. తాళం తిప్పగానే రేడియో పలకాలి. మీడియం వేవ్‌లో, అంటే ఏఎమ్‌లో, 837, ఆకాశవాణి విజయవాడ. మొదటి బటన్ అదే. వాయుగుండం ఎటు కదులుతోంది, వాన ఉందా లేదా, రైతుల కార్యక్రమంలో ఏం చెప్పారు, అన్నీ ఆ బటన్ నుంచే వినేవాడు. గుంటలు వదిలేసి ఆరేళ్లయింది. బటన్ మాత్రం మారలేదు.

ఆక్స్ అంటే ఫోను పాట స్పీకర్లలో వినడానికి వైరు గుచ్చే రంధ్రం. అది కావాల్సింది అమ్మకి. శనివారాల్లో ఎప్పుడైనా పెంచలకోన గుడికి వెళ్తాం. దారి పొడుగునా ఫోనులో ప్రవచనం వినాలని అమ్మ కోరిక. క్వాలిస్ డీజిల్ ఇంజను మోతలో ఫోను స్పీకరు ఏం వినపడుతుంది? ఫోనుని చెవికి ఆనించుకుని కూర్చునేది. అది చూడలేకనే ఈ పని మొదలుపెట్టాను.

ముందు నెల్లూరులో కార్ డెకొరేషన్ షాపుకి వెళ్లాను. పాతది పీకేసి ఆండ్రాయిడ్ స్క్రీన్ పెట్టుకోమన్నారు. వాళ్ల మాటలో తప్పేమీ లేదు, చాలామందికి అదే తేలిక. కానీ రెండు విషయాలు నాకు నచ్చలేదు. ఒకటి, టయోటా రేడియో వెడల్పు 200 మిల్లీమీటర్లు, మామూలు రేడియోలది దాదాపు 180. అంటే పక్కన ఫ్రేము పెట్టాలి. వైరు కనెక్టర్లు కూడా వేరే కాబట్టి కంపెనీ వైర్లు కోసి అతుకులు వేస్తామన్నారు. రెండోది ఇంకా ముఖ్యం. షాపులో ఉన్న స్క్రీన్‌లో మీడియం వేవ్ పెట్టి చూస్తే 830 తర్వాత ఒక్క నొక్కుకి 840కి దూకింది. 837 రానే రాదు! మన దేశంలో మీడియం వేవ్ స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్. 837 అంటే తొమ్మిదిని 93తో గుణిస్తే వచ్చేది. అమెరికాలో ఆ ఎడం 10. ఆ సెట్టు అమెరికా లెక్కలో ఉందన్నమాట. చాలా సెట్లలో ప్రాంతం మార్చుకునే సెట్టింగు ఉంటుంది. షాపులో అబ్బాయి వెతికాడు గాని దొరకలేదు. "ఇప్పుడు ఏఎమ్ ఎవరు వింటారు మేడం" అన్నాడు. మా ఇంట్లో వింటారు.

అంతకు ఏడాది ముందే రెండు చిట్కాలు ప్రయత్నించి ఉన్నాను. సిగరెట్ లైటరు సాకెట్లో పెట్టే ఎఫ్‌ఎమ్ ట్రాన్స్‌మిటర్ ఒకటి కొన్నాను. ఫోను పాటని ఎఫ్‌ఎమ్‌లో ఒక ఖాళీ చోట ప్రసారం చేస్తుంది, రేడియో దాన్ని పట్టుకుంటుంది. కావలిలో బాగానే ఉండేది. నెల్లూరు దగ్గర పడేకొద్దీ అదే చోట ఇంకో స్టేషను వచ్చి మీద పడేది, మళ్లీ ఖాళీ వెతుక్కోవాలి. నడిపే మనిషి చేసే పని కాదు. రెండోది క్యాసెట్ అడాప్టరు, క్యాసెట్ ఆకారంలో ఉండి చివర వైరు వేలాడే వస్తువు. అది పెట్టిన నాలుగు సెకన్లకే మా డెక్కు బయటికి నెట్టేసింది. డెక్కు లోపల రబ్బరు బెల్టు వదులై చక్రం తిరగడం లేదని తర్వాత తెలిసింది. రీలు తిరగకపోతే టేపు చిక్కుకుందనుకుని క్యాసెట్‌ని తోసేయడం ఈ డెక్కుల పద్ధతి. మీ డెక్కు ఆరోగ్యంగా ఉంటే మాత్రం అడాప్టరే అన్నిటికన్నా చవకైన దారి, ముందు దాన్నే చూడండి.

ఇక మిగిలింది రేడియో విప్పి లోపలే కలపడం. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివాను. ఇప్పుడు చేసేది రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాయడం. సోల్డరింగ్ ఐరన్ పట్టి పన్నెండేళ్లు దాటింది. అందుకని స్టేషను రోడ్డులో టీవీలు బాగుచేసే అన్న దగ్గరికి వెళ్లాను. మా ఇంట్లో పాత డబ్బా టీవీ ఉన్నప్పటి నుంచి తెలిసిన మనిషి. విషయం చెప్తే కాసేపు ఆలోచించి, "పని నువ్వే చెయ్యి పాపా, నేను పక్కన ఉంటా" అన్నాడు. ఆ మాటతోనే నాకు సగం ధైర్యం వచ్చింది.

ఆదివారం పొద్దున బండి దగ్గర కూర్చున్నాను. మొదట బ్యాటరీ నెగెటివ్ వైరు తీశాను. తీసేముందు రేడియోలో ఉన్న బటన్లన్నీ ఏ స్టేషనుకి ఉన్నాయో ఫోటోలు తీసుకున్నాను, ఎందుకంటే కరెంటు పోతే అవన్నీ చెరిగిపోతాయి. కొన్ని యూరప్ బండ్ల రేడియోలైతే కరెంటు తీయగానే తాళం పడిపోతాయి, మళ్లీ కోడ్ నంబరు కొడితేగాని పలకవు. అలాంటి బండి మీదైతే ఆ నంబరు చేతిలో ఉంచుకున్నాకే బ్యాటరీ ముట్టుకోండి. ఎయిర్‌బ్యాగులున్న బండ్లలో పసుపు రంగు కనెక్టర్ల జోలికి వెళ్లకండి.

మధ్య ప్యానెలు క్లిప్పులతో నిలబడి ఉంటుంది. ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ కదా, స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి, ఒక్కో క్లిప్పూ మెల్లగా ఊడదీశాను. దాని వెనక పది నంబరు స్పానరు పట్టే బోల్టులు. అవి విప్పితే రేడియో ముందుకు జారింది. వెనక రెండు కనెక్టర్లు, యాంటెన్నా వైరు. సందుల్లో పేరుకున్న దుమ్ముని చూస్తే తుమ్మలపెంట ఇసుకంతా అందులోనే ఉందనిపించింది.

అన్న షాపులో టేబులు మీద పెట్టి పైమూత తీశాం. పైన టేపు డెక్కు, దాని నాలుగు స్క్రూలు తీసి పక్కకు వంచితే కింద అసలు బోర్డు. ఒక మూల రేకు డబ్బా ఉంది, అది స్టేషన్లను పట్టుకునే ట్యూనరు. వెనక అల్యూమినియం దిమ్మకి బిగించిన పెద్ద ఐసీ (చిప్పు), అది స్పీకర్లను నడిపే యాంప్లిఫయరు. మధ్యలో చిన్న ఐసీలు, పాటని పోనిచ్చి డీసీ కరెంటుని ఆపే కండెన్సర్లు.

నేను ఇంటర్నెట్‌లో చదువుకుని వెళ్లిన పద్ధతి ఒకటుంది. వాల్యూం కంట్రోలుకి ఎడమ చానెల్‌కి మూడు కాళ్లు, కుడికి మూడు ఉంటాయి, లోపలికి సిగ్నల్ వచ్చే కాలు దగ్గర ఫోను కలిపితే చాలు అని. పాత రేడియోలకి అది నిజమే. కానీ మా రేడియో నాబు వెనక చూస్తే అక్కడికి పాట రావడమే లేదు. ఆ నాబు తిప్పినప్పుడు టిక్ టిక్‌మంటూ లెక్క మాత్రమే పంపుతుంది. ఆ లెక్క అందుకుని ఒక ఐసీ లోపల సౌండు పెంచుతుంది, తగ్గిస్తుంది. నాబు తిప్పుతుంటే చేతికి మెట్లు మెట్లుగా తగులుతూ, ఎటు తిప్పినా ఆగకుండా తిరుగుతూ ఉంటే మీదీ ఇదే రకం. అక్కడ వైరు కలిపి లాభం లేదు.

"టేపు హెడ్డు దగ్గర కలిపితే?" అని అడిగాను. అన్న తల అడ్డంగా ఊపాడు. దానికి కారణం ఆలోచిస్తే అర్థమైంది. టేపు హెడ్డు నుంచి వచ్చే సిగ్నల్ ఒక మిల్లీవోల్టు కూడా ఉండదు. దాన్ని కొన్ని వందల రెట్లు పెంచి, బేస్‌ని మరింత ఎత్తి పంపడానికి ఒక ప్రీయాంప్ ఉంటుంది. ఫోను ఇచ్చేది వందల మిల్లీవోల్టులు. దాన్ని తీసుకెళ్లి అక్కడ పెడితే పాట ముక్కలు ముక్కలుగా పగులుతుంది. స్పీకరు వైర్ల దగ్గర కలపాలనే ఆలోచన ఎవరికైనా వస్తే అది ఇంకా ప్రమాదం. ఈ యాంప్లిఫయర్లలో స్పీకరుకి వెళ్లే రెండు వైర్లలోనూ ఆరేడు వోల్టులు నిలబడి ఉంటాయి. ఫోను కాలిపోగలదు. స్పీకరు మైనస్‌ని ఎర్తుకి, అంటే బండి బాడీకి కలిసే మైనస్‌కి, తగిలించినా యాంప్లిఫయరు పోవచ్చు.

అంటే ఫోను సిగ్నల్‌కి సరిపోయే చోటు మధ్యలో ఎక్కడో ఉంది. ట్యూనరు డబ్బా దాటాక, వాల్యూం ఐసీకి ముందు. ఈ పనంతటికీ ప్రాణం ఆ చోటు కనుక్కోవడమే. మిగతాదంతా చేతిపని.

ఐసీ మీద నంబరు చదివి దాని డేటాషీటు (కంపెనీ వివరాల కాగితం) చూస్తే ఏ కాలు ఏదో తెలిసిపోతుంది. ఇలాంటి రేడియోల్లో వాడిన వాటిలో టీడీఏ7313 అని ఒకటుంది, దానికి మూడు స్టీరియో ఇన్‌పుట్‌లు ఉంటాయి. మూడో ఇన్‌పుట్ ఖాళీగా ఉంటే అక్కడ కలిపేయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఏ ఇన్‌పుట్ వినాలో ఆ ఐసీకి చెప్పేది రేడియోలోని ప్రాసెసరు. దాని ప్రోగ్రాములో మూడోది అంటూ లేకపోతే ఖాళీ కాలు ఖాళీగానే ఉంటుంది. మా రేడియోలో అయితే నంబరే చెరిగిపోయింది. భూతద్దం పెట్టినా రెండు అక్షరాలు మించి కనపడలేదు.

అప్పుడు అన్న ఒక చిన్న డబ్బా తీశాడు. పాత కంప్యూటర్ స్పీకరులోంచి తీసిన బుల్లి యాంప్లిఫయరు, ఒక స్పీకరు, ఒక సూది. సూదికి 0.1 మైక్రోఫారడ్ కండెన్సరు కట్టి ఉంది, బోర్డు మీది డీసీ లోపలికి రాకుండా. సూదిని బోర్డులో ఏ చోట ఆనిస్తే అక్కడ ఏ శబ్దం ఉందో వినిపిస్తుంది. తన చేత్తో చేసుకున్నది, ఇరవై ఏళ్ల నుంచి దాంతోనే పని.

యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల బ్యాటరీతో రేడియోని ఆన్ చేశాం. బ్యాటరీ పాజిటివ్ దారిలో బండి ఇండికేటర్ బల్బు, 21 వాట్లది, వరసలో కట్టాడు. ఎక్కడైనా షార్టయితే బల్బు వెలుగుతుంది గాని రేడియో కాలదు. ఇది నాకు కాలేజీలో ఎవరూ చెప్పని విషయం. ఎఫ్‌ఎమ్‌లో ఒక స్టేషను పెట్టి, రేడియో వాల్యూంని సున్నా చేయమన్నాడు. రేడియో స్పీకర్లు ఆగిపోయాయి. సూది పట్టుకుని ట్యూనరు డబ్బా కాళ్ల మీద ఒక్కొక్కటిగా ఆనించుకుంటూ పోయాను. ఐదో కాలు దగ్గర పాట వినిపించింది. పక్క కాలు దగ్గరా వినిపించింది.

"వాల్యూం చచ్చిపోయినా యాడ పాట బతికి ఉండాదో అదే మనక్కావాల్సిన చోటు," అన్నాడు అన్న.

అక్కడి నుంచి రెండు దారులు బోర్డు మీద నడిచి చెరొక కండెన్సర్ గుండా చెరిగిపోయిన నంబరు ఐసీలోకి వెళ్తున్నాయి. 1 మైక్రోఫారడ్, 50 వోల్టులవి. మీటరు పెడితే ఐసీ వైపు నాలుగు వోల్టులు, ట్యూనరు వైపు రెండు చిల్లర. కండెన్సర్ ప్లస్ ఐసీ వైపు ఉంది. అది మాకు అనుకూలం. ఫోను వైపు వోల్టు సున్నా కాబట్టి, ప్లస్ అటు ఉంటేనే కండెన్సరు సరైన దిక్కులో ఉంటుంది.

బోర్డు మీద గీతలు కోయాల్సిన అవసరం రాలేదు. రెండు కండెన్సర్లకీ ట్యూనరు వైపు కాలు ఒక్కటే ఊడదీసి పైకి లేపితే చాలు. రేపు ఎవరైనా మళ్లీ మామూలుగా చేయాలంటే ఆ కాళ్లు కిందికి వంచి అతికిస్తే సరి. నాయనకి ఈ సంగతి చెప్పినప్పుడే ఆయన ముఖంలో టెన్షన్ కాస్త తగ్గింది.

జాక్ గురించి వివరంగా చెప్పాలి. మామూలు 3.5 మిల్లీమీటర్ల స్టీరియో జాక్‌కి మూడు కాళ్లుంటాయి. మాకు కావాల్సింది ఐదు కాళ్లది, లోపల స్విచ్ ఉన్నది. ఫోను పిన్ను గుచ్చనంత వరకు ట్యూనరు సిగ్నల్ జాక్ లోపలి ఆకు మీదుగా వెనక్కి ఐసీకి వెళ్లిపోతుంది. అంటే రేడియో ఎప్పట్లాగే పలుకుతుంది. పిన్ను గుచ్చగానే ఆకు లేచి ట్యూనరు తెగిపోతుంది, ఫోను కలుస్తుంది. వేరే స్విచ్ అక్కర్లేదు, ఒకదాని మీద ఇంకోటి పడే గొడవా లేదు. నాయన షరతుకి ఇంతకన్నా నమ్మకమైన జవాబు లేదు.

వైరు దగ్గర పొరపాటు చేశాను. రెండు తీగలు, పైన జాలీ ఉన్న షీల్డ్ వైరు రెండు మీటర్లు కొని తెచ్చాను. లెక్క వేస్తే సరిపోలేదు. ట్యూనరు నుంచి జాక్‌కి పోయేవి రెండు, జాక్ నుంచి ఐసీకి తిరిగొచ్చేవి రెండు, ఎర్త్ ఒకటి. అంటే అలాంటి వైరు ఇంకొకటి పక్కన నడపాలి. మళ్లీ షాపుకి వెళ్లి ఇంకో రెండు మీటర్లు తెచ్చాను. జాక్‌ని డ్యాష్‌బోర్డులో దూరంగా పెట్టేవాళ్లు ఇది ముందే చూసుకోండి.

సోల్డరింగ్‌కి 25 వాట్ల ఐరన్, సన్న లెడ్డు. మొదటి కండెన్సర్ కాలు బాగానే వచ్చింది. రెండోదాని దగ్గర లెడ్డు కరగడం లేదని ఐరన్‌ని అలాగే ఆనించి ఉంచాను. కాలుతో పాటు కింద రాగి చుక్క కూడా ఊడొచ్చింది. గుండె ఆగినంత పనైంది. అది నాయన రేడియో, ఇంకోటి దొరకదు. అన్న ఏమీ అనలేదు. ఊడిన చోటు నుంచి రాగి గీత ఎటు పోతుందో లైటు పెట్టి చూపించాడు. గీత మీది పచ్చపూతని బ్లేడుతో అరంగుళంలో నాలుగో వంతు గీకి, అక్కడ సన్న తీగ అతికించమన్నాడు. చేతులు వణుకుతుంటే లేచి వెళ్లి టీ తాగొచ్చి అతికించాను. నిలబడింది. పాత బోర్డుల మీద పాత లెడ్డు మొండిగా ఉంటుంది. దానిమీద కొంచెం కొత్త లెడ్డు కరిగించి, ఫ్లక్స్ పెట్టి, మూడు సెకన్ల లోపు తీసేయాలి. రాకపోతే చల్లారనిచ్చి మళ్లీ పట్టాలి.

ఎర్త్ తీగని బండి బాడీ దగ్గర కాకుండా ఆ ఐసీ పక్కనే ఉన్న ఎర్తు మీద అతికించాను. బాడీ దగ్గర తీసుకుంటే ఇంజను కరెంటు రొదంతా పాటలోకి వస్తుంది.

ఫోను పిన్ను గుచ్చాం. పిన్ను లోపలికి పోతూనే స్పీకర్లలో 'డబ్'మని పెద్ద శబ్దం, ఆ వెంటనే పాట. పాట ఎంత స్పష్టంగా వచ్చిందంటే ఆ 'డబ్' సంగతే కాసేపు మర్చిపోయాను. బ్యాలెన్స్ ఎడమకి తిప్పితే ఎడమ, కుడికి తిప్పితే కుడి, రెండూ సరిగ్గా ఉన్నాయి. రేడియో ఏఎమ్‌లో ఉన్నా ఫోను పాట స్టీరియోలోనే వస్తుంది, ఎందుకంటే మేం కలిపింది ట్యూనరు దాటాక.

కానీ పిన్ను పెట్టినా తీసినా డబ్‌మనడం మంచిది కాదు. ట్యూనరు వైపు రెండు వోల్టులు, ఫోను వైపు సున్నా. ఆకు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి మారగానే కండెన్సరు ఒక్కసారి ఆ తేడా మింగుతుంది, అదే ఆ శబ్దం. ట్యూనరు నుంచి జాక్‌కి పోయే దారిలో చెరొక 2.2 మైక్రోఫారడ్ కండెన్సరు, ప్లస్ ట్యూనరు వైపు ఉండేలా కలిపాం. జాక్‌కి పోయే రెండు, వచ్చే రెండు తీగల నుంచీ ఎర్తుకి 100 కిలో ఓముల రెసిస్టరు ఒక్కొక్కటి, మొత్తం నాలుగు. ఇప్పుడు రెండు వైపులా సున్నా వోల్టులే. డబ్ పోయింది. చిన్న టిక్ మిగిలింది, అంతే.

బిగించేటప్పుడు వైర్లకి హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి, అల్యూమినియం దిమ్మకి దూరంగా తిప్పి, వెనక ఉన్న రంధ్రంలోంచి బయటికి తెచ్చాం. లోపల ఒక ముడి వేశాం, బయట ఎవరైనా లాగినా అతుకు మీద బరువు పడకుండా. జాక్ కోసం డ్యాష్‌బోర్డుకి రంధ్రం పెట్టడానికి నాకు మనసొప్పలేదు. స్టీరింగ్ పక్కన స్విచ్ లేని ఖాళీ మూత ఒకటుంది. దాన్ని ఊడదీసి, దానికి 6 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి జాక్ బిగించాం. మూత ప్లాస్టిక్ కాబట్టి జాక్ మెడ బండి బాడీకి తగలదు.

బ్యాటరీ పెట్టి మొదట నొక్కింది ఏఎమ్. 837కి తెచ్చి మొదటి బటన్‌ని పట్టుకుని ఉంచి మళ్లీ దాచాను. నాయన పక్కనే నిలబడి ఉన్నాడు. విజయవాడ పలికింది.

ఇంతటితో అయిపోయిందనుకున్నాను. మరుసటి రోజు ఫోను చార్జింగులో పెట్టి, ఆక్స్ పిన్ను గుచ్చి బండి తీస్తే పాట వెనక సన్నగా ఊళ వేస్తున్నట్టు శబ్దం. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఊళ పైకి పోతోంది. చార్జరు పీకితే ఆగిపోయింది. ఫోనుకి ఇప్పుడు రెండు ఎర్తులు, ఒకటి చార్జరు ద్వారా, ఒకటి ఆక్స్ ద్వారా. ఆ రెండిటి మధ్య డైనమో కరెంటు తిరుగుతోంది. దీనికి గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు, పాట అయస్కాంతం మీదుగా దాటుతుంది, తీగ మాత్రం తెగిపోయి ఉంటుంది. మూడొందల యాభై పెట్టి కొన్నాను. ఊళ పూర్తిగా పోయింది. బేస్ రవ్వంత తగ్గినట్టు అనిపించింది గాని ప్రవచనానికి అదేం లోటు కాదు.

అయితే ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది, ఎక్కువ సంతోషం ఇచ్చింది కూడా, వేరే సంగతి. ఏడాదిగా నాయన ఒక మాట అంటూనే ఉన్నాడు, "విజయవాడ ముందట్నే రావడం లే, అంతా గరగర." స్టేషను బలం తగ్గిందేమో, యాంటెన్నా తుప్పు పట్టిందేమో అనుకున్నాం. ఆ రోజు ఆక్స్ పిన్ను తీసేసి, ఏఎమ్ పెట్టుకుని, చార్జరు ఇంకోసారి పీకాను. గరగర ఒక్కసారిగా ఆగి మనిషి గొంతు శుభ్రంగా వినపడింది. మళ్లీ పెట్టాను, గరగర. తీశాను, శుభ్రం. చవక చార్జర్లలో 12 వోల్టులని 5 వోల్టులకి దించే సర్క్యూటు సెకనుకి వేలసార్లు, లక్షలసార్లు ఆన్ ఆఫ్ అవుతుంటుంది. ఆ రొద మీడియం వేవ్‌లో పడుతుంది. డిక్కీలో పడేసిన నా ఎఫ్‌ఎమ్ ట్రాన్స్‌మిటర్ తెచ్చి సాకెట్లో పెట్టి చూస్తే అదీ అంతే, ఇంకా ఎక్కువ. ఏడాది కిందట దాన్ని ఆ సాకెట్లో పెట్టి వదిలేసింది నేనే. అది తీశాక ఆ చోట ఈ చార్జరు పెట్టింది కూడా నేనే. ఆయన చెప్తున్నది మొదటి రోజు నుంచీ నిజం. ఆ సాయంత్రం ఆయనకి చెప్పాను. "పోనీలే, ఇప్పుడు తెలిసింది గదా" అన్నాడు. ఇప్పుడు చార్జింగుకి పవర్ బ్యాంకు వాడుతున్నాం. దానికి బండి ఎర్తుతో సంబంధం లేదు కాబట్టి ఊళా రాదు, మీడియం వేవ్‌లో గరగరా దాదాపు లేదు. ముందే ఈ సంగతి తెలిసుంటే ఐసోలేటరు కొనే పని ఉండేది కాదు.

ఖర్చు విషయానికొస్తే, జాకు, వైరు, కండెన్సర్లు, రెసిస్టర్లు, స్లీవ్ అన్నీ కలిపి మూడు వందల లోపే. ఐసోలేటరు వేరే. అన్న డబ్బు తీసుకోనన్నాడు. బలవంతంగా ఐదు వందలు జేబులో పెట్టి, తర్వాతి వారం రొయ్యలు పంపించాను. ఫోనుల గురించి ఒక మాట. అమ్మ ఫోనుకి పిన్ను రంధ్రం ఉంది, నా ఫోనుకి లేదు. టైప్‌సీ నుంచి 3.5కి మార్చే ముక్క కొనేటప్పుడు లోపల డాక్ చిప్పు (ఫోనులోని డిజిటల్ పాటని తీగలో పోయే సిగ్నల్‌గా మార్చేది) ఉన్నదే అడగండి. ఉత్త తీగలతో చేసినవి కొన్ని ఫోన్లలో అసలు పలకవు. ఫోను వాల్యూం ముప్పావు వంతు పెట్టి, మిగతాది రేడియో నాబుతో సరిచూసుకుంటే పాట పగలదు.

తర్వాతి శనివారం పెంచలకోన బయల్దేరాం. కావలి దాటగానే అమ్మ పిన్ను గుచ్చి ప్రవచనం పెట్టింది. వెనక సీట్లో కూర్చున్న మా అత్తకి కూడా మాట మాట వినపడుతోంది. కోవూరు దాటి పెన్న వంతెన ఎక్కాం. నెల్లూరు నుంచి పొదలకూరు, రాపూరు దారి. రాపూరు దాటి కొండలు దగ్గరయ్యాక ఎఫ్‌ఎమ్‌లో ఏమీ రాదు, ఇంతకుముందు అక్కడికొచ్చేసరికి బండిలో నిశ్శబ్దం. ఈసారి అమ్మ ప్రవచనం గుడి దగ్గర దిగేదాకా ఆగలేదు.

తిరుగు దారిలో నాయన ముందు సీట్లో ఉన్నాడు. పొదలకూరు దగ్గర టైము చూసుకుని, అమ్మ వైపు తిరిగి, "ఒక పది నిమిషాలు, వార్తలు" అన్నాడు. అమ్మ సరేనంది. ఆయనే చెయ్యి చాచి పిన్ను లాగాడు. చిన్న టిక్. ఆ వెంటనే 837.